పురపాలక గ్రాంటులో పేదవాని గూటికి వాటా
(పట్టణ ముస్లింల గృహవసతి సమస్యపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పండితుడను కాను, రాజకీయ నాయకుడను కాను. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, పద్దు పుస్తకాలనూ, మార్చి నెలాఖరు బిల్లుల తొందరనూ చూసినవాణ్ణి. అందుచేత ఆవేశంగా ఉపన్యసించడం కన్న లెక్క విప్పి చెప్పడమే నాకు తేలిక. ఈ రోజు నేను చెప్పదలచిన లెక్క ఒక్కటే. మన పట్టణానికి ఏటా వచ్చే గ్రాంటు సొమ్ములో ఇల్లు లేని పేదవానికి వాటా ఉన్నదా, లేదా? లేకపోతే దానిని సంపాదించే మార్గమేది?

ముందుగా ఈ ప్రశ్న మనకెందుకు ముఖ్యమో చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో పట్టణవాసులు 31 శాతం కాగా, ముస్లింలలో పట్టణవాసులు దాదాపు 40 శాతం. అంటే పంచాయతీ కన్న పురపాలక సంఘంతోనే మనకు సంబంధం ఎక్కువ. మురుగు కాలువైనా, మంచినీటి కుళాయి అయినా, ఇంటి నంబరైనా, దాని నిర్ణయం మునిసిపల్ కార్యాలయంలోనే జరుగుతుంది. ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో మౌలిక వసతుల లేమిని 2006లో సచార్ కమిటీ ప్రభుత్వం ముందుంచింది. ఆ నివేదికను మనం సభల్లో ఉటంకిస్తూనే ఉన్నాం. కాని దానిని పట్టుకొని మునిసిపల్ బడ్జెట్ సమావేశానికి వెళ్ళినవారు ఎందరు?

మన బస్తీల స్థితి మీకు తెలియనిది కాదు. ఒకే గదిలో మూడు తరాలు. పగలు అదే గదిలో కుట్టుమిషను, రాత్రి అక్కడే పడక. బీడీలు చుట్టే తల్లికి, పండ్ల బండి నడిపే తండ్రికి, మెకానిక్ షెడ్డులో పనిచేసే కొడుక్కి కలిపి వచ్చే సంపాదనలో పెద్ద భాగం అద్దెకే పోతుంది. ఇల్లు మారినప్పుడల్లా రేషను కార్డు, ఓటు, పిల్లల బడి అన్నీ కదిలిపోతాయి. కనుక ఇంటి సమస్య నాలుగు గోడలతో ఆగేది కాదు. అది చదువు సమస్య, ఆరోగ్య సమస్య, చివరకు పౌరసత్వపు గుర్తింపు సమస్య కూడా.

ఇక చట్టం సంగతి. రాజ్యాంగ 74వ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండవ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పద్దెనిమిది విధులున్నాయి. బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ, మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన, ఈ మూడూ అందులో వరుసగా ఉన్నాయి. "ఇళ్ళ సంగతి రాష్ట్ర ప్రభుత్వానిది, మాకేమి సంబంధం?" అని ఎవరైనా అంటే, ఆ షెడ్యూలును వినయంగా వారి ముందుంచండి.

డబ్బు సంగతికి వస్తాను. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని పట్టణ స్థానిక సంస్థలకు రూ. 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి పది లక్షలు దాటిన నగర ప్రాంతాలకు వేరే పద్ధతి. ఆ కాలంలో అక్కడి నిధులు గాలి నాణ్యత, నీరు, పారిశుద్ధ్యం వంటి లక్ష్యాలతో ముడిపడి ఉండేవి. ఆ కాలంలో మిగిలిన పట్టణాలకు వచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టిపడేసిన సొమ్ము. తక్కిన 40 శాతం స్థానిక అవసరాన్ని బట్టి ఖర్చు చేసుకోదగినది. జీతాలకు, కార్యాలయ నిర్వహణకు మాత్రం అది వాడరాదన్నారు.

ఇక్కడే అసలు విషయమున్నది. నిధుల పునఃకేటాయింపు అనగానే ఒక పద్దులోని సొమ్ము తీసి మరొక పద్దులో వేయడమని అందరూ అనుకుంటారు. షరతుతో వచ్చిన సొమ్మును అలా మళ్ళించడానికి వీలు లేదు. ఆడిటులో అభ్యంతరం వస్తుంది, తదుపరి విడత ఆగిపోతుంది. కాని పద్దు మార్చకుండానే వార్డు మార్చవచ్చును. నీటికి కేటాయించిన సొమ్ము నీటికే ఖర్చవుతుంది. ఆ గొట్టం ఇప్పటికే రెండు కుళాయిలున్న కాలనీకి వెళ్ళాలా, ఒక్కటీ లేని బస్తీకి వెళ్ళాలా అన్నది కౌన్సిల్ నిర్ణయం. 

దీనికీ ఇళ్ళకూ సంబంధమేమిటని అడుగవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన పంపిణీలో పట్టణ పేదలకు ఒక్కో సెంటు చొప్పున ఇంటి స్థలాలిచ్చారు. తెలంగాణలో 2024లో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో సొంత స్థలమున్న పేదలకు రూ. 5 లక్షల సహాయం ప్రకటించారు. కేంద్రం పి.ఎం.ఏ.వై. కింద ఇస్తున్నది వేరు. అనగా గోడలకు, పైకప్పుకు ఎంతో కొంత సొమ్ము పైనుండి వస్తున్నది. రానివి రెండు. ఒకటి పట్టణానికి దగ్గరలో స్థలం. రెండు ఆ స్థలానికి దారి, నీరు, కాలువ, దీపం. ఊరికి దూరంగా, దారి లేని చోట పట్టా ఇస్తే కూలివాడు అక్కడ ఇల్లు కట్టుకోలేడు. కట్టుకున్నా రోజు కూలిలో కొంత ఆటో ఛార్జీలకు సమర్పించుకోవాలి. ఆ లోటును పూరించగలిగినది పురపాలక సంఘమే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక పట్టణానికి ఏడాదికి కోటి రూపాయల గ్రాంటు వచ్చిందనుకోండి. పై లెక్కన అరవై లక్షలు నీటికి, పారిశుద్ధ్యానికి. అందులో సగం, అంటే ముప్పై లక్షలు, పేదల లే-అవుట్లకూ పాత బస్తీలకూ అని తీర్మానించవచ్చును. మిగిలిన నలభై లక్షలలో పావు వంతు, పది లక్షలు, స్థలం చదునుకు, లోపలి దారులకు, దీపాలకు పెట్టవచ్చును. మొత్తం నలభై లక్షలు. ఒక్క ఏడాదిలో సమస్య తీరదు. కాని అయిదేళ్ళు వరుసగా జరిగితే రెండు కోట్లు. చిన్న పట్టణానికి అది చిన్న మొత్తం కాదు.

ఇది ఎక్కడైనా జరిగిందా? కేరళలో జరిగింది. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక ఉద్యమం ప్రారంభించి, రాష్ట్ర ప్రణాళిక నిధులలో 35 నుండి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించారు. ఆ తరువాత వచ్చిన లైఫ్ మిషన్‌లో ఇంటికి రూ. 4 లక్షల సహాయమిస్తున్నారు. స్థానిక సంస్థలు తమ ప్రణాళిక నిధుల నుండి అందులో వాటా భరిస్తాయి. ఈ విధంగా నాలుగు లక్షలకు పైగా ఇళ్ళు పూర్తయ్యాయి. కేరళ స్థానిక సంస్థలకున్న నిధులూ అధికారాలూ మనవాటికి లేవు, నిజమే. కాని స్థానిక సంస్థ తలచుకుంటే ఇల్లు దాని పని కాగలదన్నది అక్కడ రుజువైనది.

మన దగ్గరా ఒక దారి ఉన్నది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం బడ్జెట్‌లో 10 శాతం మొక్కల పెంపకానికి కేటాయించి తీరాలన్నది. మంచిదే, చెట్టు నీడ అందరికీ కావాలి. అదే విధంగా చెట్టు కిందనే కాపురమున్న మనిషికి కూడా ఒక వాటాను చట్టంలో వ్రాయమని అడగడం అన్యాయం కాదు.

ఇక మనపై రాగల ఆక్షేపణ. "ముస్లింలు తమ బస్తీలకే నిధులు దోచిపెట్టమంటున్నారు" అంటారు. మనం అడిగేది మతాన్ని బట్టి కాదు, లేమిని బట్టి. ఏ వార్డులో కుళాయిలు తక్కువ, ఏ వార్డులో పెంకుటిళ్ళు, రేకుల షెడ్లు ఎక్కువ, ఏ వార్డులో కాలువ లేదు అని కొలిచి, ఆ వరుసలో నిధులివ్వమంటున్నాం. ఆ జాబితాలో మన మొహల్లా పక్కనే దళితవాడ ఉంటుంది, వలస కూలీల గుడిసెలుంటాయి. అందరి ఇంటి ముందూ పారేది ఒకే మురుగు. కనుక ఈ కోరికపై సంతకాలు అందరివీ ఉండాలి. ఒంటరిగా వెళితే అర్జీగా మిగులుతాం, కలిసి వెళితే తీర్మానమవుతుంది.

మన వైపు లోపాలు కూడా చెప్పక తప్పదు. ఎన్నో కుటుంబాల వద్ద స్థలానికి కాగితం లేదు. తాత పేరున ఉన్న పట్టా నలుగురు మనుమలకు పంచబడక అలాగే ఉన్నది. వక్ఫ్ స్థలంలో ఉన్నవారికి ప్రభుత్వం యాజమాన్య పట్టా ఇవ్వజాలదు. వారు ఇతరచోట స్థలం కోరుతూ వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. పి.ఎం.ఏ.వై. ఇల్లు స్త్రీ పేరున గాని, ఆమెతో ఉమ్మడిగా గాని ఉండాలన్నది నియమం. ఆధారులో ఒక విధంగా, రేషను కార్డులో మరొక విధంగా ఆమె పేరుంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ప్రతి మస్జిద్ కమిటీ వారానికి ఒక సాయంత్రం ఇద్దరు చదువుకున్న యువకులను, ఒక చదువుకున్న అమ్మాయిని కూర్చోబెట్టి ఈ కాగితాలు సరిచేయిస్తే, సగం దారి నడిచినట్లే.

చివరగా మీ ముందు నాలుగు పనులుంచుతున్నాను. ఒకటి, మన పట్టణానికి గత మూడేళ్ళలో వచ్చిన గ్రాంటు ఎంత, వార్డులవారీగా ఖర్చెంత అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి. ముప్పై రోజులలో సమాధానమివ్వవలసినది వారి బాధ్యత. గ్రాంటు పొందాలంటే లెక్కలను ఆన్‌లైన్‌లో ఉంచాలన్నది ఆర్థిక సంఘం షరతు, కనుక ఇది రహస్యం కాదు. రెండు, ఆ లెక్క ప్రకారం వెనుకబడిన వార్డుల జాబితా మనమే తయారు చేద్దాం. మూడు, బడ్జెట్ ముసాయిదా సిద్ధమవుతున్నప్పుడే, అంటే మార్చి రాకముందే, మన తీర్మానపు పాఠాన్ని కౌన్సిలర్లకు, పాలకవర్గం లేనిచోట ప్రత్యేకాధికారికి అందజేద్దాం. బడ్జెట్ ఆమోదమయ్యాక ఇచ్చే అర్జీ ఫైలులో చేరుతుందే గాని పనిలో చేరదు. నాలుగు, పదహారవ ఆర్థిక సంఘం కాలానికి ఆరంభం 2026 ఏప్రిల్. కొత్త గ్రాంటు మొదటి ఏడాది ఏ వార్డులకు అలవాటు పడితే, తరువాతి ఏళ్ళూ అటే పారుతుంది. ఆ మొదటి తీర్మానంలోనే పేదల ఇళ్ళకు వాటా వ్రాయించాలి.

ఇక్కడినుండి వెళ్ళేముందు ప్రతి వార్డు నుండి ఇద్దరి పేర్లు ద్వారం వద్ద ఉన్న పుస్తకంలో వ్రాసి వెళ్ళమని మనవి. సమాచార దరఖాస్తు నమూనాలు అక్కడే ఉన్నాయి. వాటిని పూర్తి చేయడానికి నేను, నా మిత్రులు రాత్రి వరకు కూర్చుంటాం.