పాత కంప్యూటర్‌లో కొత్త డిస్క్

పది పన్నెండేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు పొద్దున స్విచ్ వేస్తే, అది పనికి సిద్ధమయ్యేసరికి నాలుగైదు నిమిషాలు గడిచిపోతాయి. ఇది ముసలిదైపోయింది, తీసేసి కొత్తది కొనాలి అనే మాట ఇంట్లో అప్పుడే పుడుతుంది. నిజానికి ఆ నిమిషాల్లో ప్రాసెసర్ చాలావరకు ఖాళీగానే ఉంటుంది. హార్డ్ డిస్క్ నుంచి రావలసిన సమాచారం కోసం అది కాచుకుని కూర్చుంటుంది. ఆ ఒక్క డిస్క్‌ను మారిస్తే, తక్కినవన్నీ బాగున్న కంప్యూటర్ తరచు అర నిమిషం, ముప్పావు నిమిషంలోనే సిద్ధమవుతుంది. లెక్కలు రాసుకోవడానికి, ఉత్తరాలకు, పిల్లల చదువుకు ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది.

డిస్క్ మార్చడం స్క్రూడ్రైవర్‌తో పావుగంట పని. కష్టమంతా పాత డిస్క్‌లో ఉన్నదాన్ని క్షేమంగా కొత్తదానిలోకి దాటించడంలో ఉంది. మదర్‌బోర్డు కాలిపోతే మరొకటి కొనుక్కోవచ్చు. ర్యామ్ పాడైతే బజార్లో దొరుకుతుంది. కన్నుమూసిన తాతగారి గొంతు రికార్డు, పిల్లల పసితనపు ఫోటోలు, స్కాన్ చేసి దాచిన పొలం కాగితాలు ఏ దుకాణంలోనూ దొరకవు. అందుకే ఈ పనికి ఒక వరస ఉంది, ఆ వరస తప్పకూడదు.

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలు ఒకే ఇరుసు మీద తిరుగుతుంటాయి. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే రకం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. మూడున్నర అంగుళాల డిస్క్‌లో పళ్లెం అంచు ఆ లెక్కన గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది, అంటే ఎక్స్‌ప్రెస్ రైలంత వేగం. పళ్లెం మీది అయస్కాంత పూతను చదివే చిన్న తల కొద్ది నానోమీటర్ల ఎత్తున, ఎక్కడా తగలకుండా, పలచని గాలిపొర మీద తేలుతూ ఉంటుంది. మనిషి తలవెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు ఉంటుందంటే ఆ ఎడం ఎంత సన్ననిదో తెలుస్తుంది. నడుస్తున్న కంప్యూటర్‌ను కుదిపితే, పడేస్తే ఆ తల పళ్లేన్ని గీకేసే ప్రమాదం అందుకే ఉంది.

కావలసిన ఫైలు ఉన్న చోటికి తల జరగడానికి సుమారు 9 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ చోటు తిరుగుతూ వచ్చి తల కిందికి చేరడానికి సగటున ఇంకో 4. అంటే ఒక్కో వెతుకులాటకు 13 మిల్లీసెకన్లు, సెకనుకు 75 వెతుకులాటలు. వినడానికి వేగంగానే ఉంది. కానీ విండోస్ మొదలవాలంటే డిస్క్ నిండా చెల్లాచెదురుగా పడి ఉన్న వేలాది చిన్న ఫైళ్లను చదవాలి. నిమిషాలు ఖర్చయ్యేది అక్కడే. ఐబీఎం 1956లో తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్ యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి, అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక్క ఫోటోకే ఆ చోటు చాలకపోవచ్చు. డిస్క్ ఇన్ని లక్షల రెట్లు పెద్దదైనా, తిరిగే పళ్లెం, జరిగే తల అనే పద్ధతి మాత్రం మారలేదు.

ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్‌లో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. అది ఫ్లాష్ మెమరీ చిప్పులతో చేసినది. తోషిబా కంపెనీలో ఫుజియో మసుఓకా 1980లలో కనిపెట్టిన ఈ మెమరీలో, విద్యుత్తు పారని పొరల మధ్య ఎలక్ట్రాన్లను బంధించి ఉంచుతారు. కరెంటు తీసేసినా అవి అక్కడే ఉంటాయి. ఏ మూల ఉన్న ఫైలునైనా అందుకోవడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. అంటే వెతుకులాటలో వందరెట్లకు పైగా తేడా. రాసిన ప్రతిసారీ ఆ పొరలు కొంచెం అరుగుతాయి కాబట్టి ఎస్‌ఎస్‌డీకి కూడా ఆయుష్షు ఉంది. అయితే రాతపని ఒకే చోట పడకుండా లోపలి కంట్రోలరు అన్నిటికీ పంచుతుంది. మామూలు ఇంటి వాడకానికి ఆ అరుగుదల లెక్కలోకి రాదు.

కొనేముందు పాత కంప్యూటర్ మూత తీసి, డిస్క్‌కు వెళ్లే కేబుల్ చూడాలి. సన్నగా, వేలెడు వెడల్పు కూడా లేకుండా ఉంటే అది సాటా. రెండంగుళాల వెడల్పుతో చదునైన పట్టీలా ఉంటే అది 40 పిన్నుల ఐడీఈ. సాటా 2003 నుంచి వచ్చింది. మొదటి తరం సెకనుకు 150 మెగాబైట్లు, రెండోది 300, మూడోది 600 దాటించగలవు. 2010 ప్రాంతపు మదర్‌బోర్డుల్లో చాలావాటికి రెండో తరమే ఉంటుంది. ఇప్పటి సాటా ఎస్‌ఎస్‌డీలు మూడో తరానివి, అయినా పాత బోర్డుకు తగిలిస్తే దాని వేగానికి తగ్గి పనిచేస్తాయి. పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు వేగం సగానికి పడుతుంది. చిన్న ఫైళ్ల వెతుకులాటలో కలిసొచ్చే లాభం మాత్రం దాదాపు అంతా దక్కుతుంది. కాబట్టి బోర్డు పాతదని వెనకాడనక్కర్లేదు. ఐడీఈ కాలపు కంప్యూటర్ సంగతి వేరు. దాని మీద డబ్బు పెట్టడం దండగ. అందులోని ఫైళ్లను బయటికి తీసుకుని దానికి విశ్రాంతి ఇవ్వడమే మేలు.

దుకాణంలో ఎన్‌వీఎంఈ అనే, చూయింగ్ గమ్ బిళ్లలా ఉండే డిస్క్ కూడా చూపిస్తారు. పాత బోర్డులకు దాన్ని గుచ్చే చోటు ఉండదు. విడిగా కార్డు కొని అమర్చినా, ఆ బోర్డు దాని నుంచి విండోస్‌ను మొదలుపెట్టలేకపోవచ్చు. రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అడిగి తీసుకోవాలి. ఫోటోలు, వీడియోల కోసం పెద్ద హార్డ్ డిస్క్ కొనేవారికి ఇంకో హద్దు అడ్డు వస్తుంది. పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించిన డిస్క్‌లో 2.2 టెరాబైట్ల వరకే వాడుకోవచ్చు. అంతకుమించి కావాలంటే జీపీటీ పద్ధతి కావాలి. పాత బయాస్, అంటే కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రాం, ఉన్న బోర్డుపై విండోస్ జీపీటీ డిస్క్ నుంచి మొదలవదు, అలాంటి డిస్క్‌ను రెండోదిగా పెట్టుకుని ఫైళ్లు దాచుకోవచ్చు. ఒక టెరాబైట్ డిస్క్ కొంటే తెర మీద 931 గిగాబైట్లే కనిపించడం మోసం కాదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది.

కేబుల్ తెలిసింది, డిస్క్ వచ్చింది. ఇక పాత డిస్క్ ఆరోగ్యం చూడాలి. ప్రతి డిస్క్ తన గురించి తాను స్మార్ట్ అనే పట్టీ రాసుకుంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్‌ఫో వంటి ఉచిత ప్రోగ్రాం దాన్ని చదివి చూపిస్తుంది. పాడైన చోట్లను పక్కనపెట్టి వేరే చోట్లకు మార్చిన లెక్క, చదవలేక అనుమానంలో పెట్టిన చోట్ల లెక్క అనే రెండు వరసలు ముఖ్యం. రెండూ సున్నాగా ఉంటే ధైర్యంగా ముందుకు పోవచ్చు. అంకెలు పెరుగుతున్నా, లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తున్నా మొత్తం డిస్క్‌ను నకలు తీసే ప్రయత్నం అప్పుడు చేయకూడదు. మళ్లీ దొరకని ఫైళ్లను ముందు వేరే చోటికి కాపీ చేయాలి. ఆ తరవాత డీడీరెస్క్యూ వంటి ప్రోగ్రాంతో నకలు తీయవచ్చు, అది బాగున్న చోట్లను మొదట చదివేసి, పాడైనవాటి దగ్గరికి చివర్లో తిరిగి వస్తుంది. జబ్బుపడిన డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందనే మాట నమ్మరాదు. బయటికి తీయగానే పళ్లేల మీద చెమ్మ పట్టి, మిగిలిన ఆశ కూడా పోతుంది. దాని మూత ఇంట్లో విప్పడమూ అంతే, ఒక్క దుమ్ము కణం చాలు.

ఆరోగ్యం ఎలా ఉన్నా, ముఖ్యమైన ఫైళ్లను ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసిన తరవాతే తక్కిన పని. ఈ మెట్టు దాటేసినవారే తరవాత బాధపడతారు.

ఇప్పుడు రెండు దారులున్నాయి. కొత్త డిస్క్‌లో విండోస్‌ను మొదటి నుంచి వేసుకుని, ఫైళ్లు తెచ్చుకోవడం ఒకటి. ఉన్నదున్నట్టు మొత్తం నకలు తీయడం, అంటే క్లోనింగ్, రెండోది. మొదటిది శుభ్రమైన పద్ధతి, ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త వదిలిపోతుంది. విండోస్ 7కు భద్రతా మరమ్మతులు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలుగా ఆగిపోయాయి. ఇన్నేళ్ల కిందటి ప్రాసెసర్లు విండోస్ 11 అర్హతల్లో లేవు. ఇంటర్నెట్‌కే వాడే కంప్యూటర్ అయితే, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను వేసుకోవడానికి డిస్క్ మార్చే సమయమే మంచిది.

అయితే తెలుగు నాట డీటీపీ కేంద్రాల్లో, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు చేసే ఇళ్లలో ఉన్న కంప్యూటర్లకు క్లోనింగే సరైనది. ఆ యంత్రాల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు, వాటి కీబోర్డు ప్రోగ్రాం ఏళ్ల కిందట ఎవరో వేసి పెట్టినవి ఉంటాయి. వాటి సీడీలు ఎక్కడున్నాయో గుర్తుండదు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైల్లో దాగి ఉండేది ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతం, దాన్ని తెలుగుగా గీసి చూపేది ఫాంటు. ఫైలు వచ్చి ఫాంటు రాకపోతే, పదేళ్ల పని తెర మీద అర్థంలేని గీతల గుంపుగా కనిపిస్తుంది. క్లోన్ చేసినా సరే, ఫాంట్ల ఫోల్డర్‌ను విడిగా ఒకచోట, ముఖ్యమైన పుస్తకాల పేజీలను పీడీఎఫ్‌లుగా మరోచోట దాచుకోవాలి. ఆ ఫైళ్లలో చిన్న పత్రికల పాత సంచికలు, ఊరి చరిత్రలు, అచ్చుకాని రచనలు ఎన్నో ఉన్నాయి.

క్లోనింగ్‌కు కొత్త డిస్క్‌ను లోపలి రెండో సాటా కేబుల్‌కు గాని, యూఎస్‌బీ అడాప్టర్‌కు గాని తగిలిస్తారు. 500 గిగాబైట్ల డిస్క్‌ను పూర్తిగా చదవడానికి లోపలి కేబుల్ మీద గంటన్నర పడితే, పాత యూఎస్‌బీ 2.0 మీద నాలుగు గంటలు దాటుతుంది. మధ్యలో కరెంటు పోతే మొదటికి వస్తుంది, కాబట్టి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకూడదు. క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది గాని, అది కొత్త డిస్క్ పాతదానితో సమానంగా లేదా పెద్దదిగా ఉండాలంటుంది. 500 గిగాబైట్ల డిస్క్ నుంచి 240 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీకి మారేవారు, అనవసరమైనవి తీసేసి, పార్టిషన్లను, అంటే డిస్క్‌లోని విభాగాలను, కుదించగల ప్రోగ్రాం వాడాలి. ఎస్‌ఎస్‌డీ కంపెనీలు తమ డిస్కులకు అలాంటిదాన్ని చాలాసార్లు ఉచితంగానే ఇస్తాయి.

మొత్తం పనిలో ప్రాణాపాయమైన క్షణం ఒకటే. ఏ డిస్క్ నుంచి, ఏ డిస్క్‌లోకి అని ప్రోగ్రాం అడుగుతుంది. తారుమారుగా చెబితే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద పరుచుకుంటుంది, ఇరవై ఏళ్ల ఫోటోలు పోతాయి. డిస్క్ లేబుల్ మీది మోడల్ నంబర్‌ను కాగితం మీద రాసుకుని, తెర మీది పేరుతో రెండుసార్లు సరిచూసుకున్నాకే సరే అనాలి. రెండు డిస్కులూ ఒకే పరిమాణంలో ఉంటే ఈ కాగితమే దిక్కు. సి డ్రైవ్ ఒక్కటే కాపీ చేస్తే చాలదు. విండోస్ 7 తరచు తన మొదలుపెట్టే ఫైళ్లను 100 మెగాబైట్ల చిన్న పార్టిషన్‌లో విడిగా ఉంచుతుంది, అదీ రావాలి.

నకలు పూర్తయ్యాక కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వాలి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటే ఒంటి మీది స్థిర విద్యుత్తు దిగిపోతుంది. అప్పుడు పాత డిస్క్ రెండు కేబుళ్లూ తీసి, కొత్తదానికి పెట్టాలి. సాటా కేబుల్ కొస ఎల్ ఆకారంలో ఉంటుంది, తిరగేస్తే దూరదు, బలవంతం చేస్తే విరుగుతుంది. చిన్న ఎస్‌ఎస్‌డీని పెద్ద అరలో నిలపడానికి బ్రాకెట్ దొరుకుతుంది. మూత తీసి ఉన్నప్పుడే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బటన్ బ్యాటరీని మార్చేయడం మంచిది. తేదీ, సమయం గుర్తుంచుకునేది అదే. బయాస్ సెట్టింగులు దాంతోపాటు మారిపోవచ్చు కాబట్టి ముందే వాటిని ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి.

మొదటిసారి కొత్త డిస్క్ ఒక్కదానితోనే కంప్యూటర్‌ను మొదలుపెట్టాలి. పాతది కూడా తగిలి ఉంటే, కవలల్లాంటి రెండు డిస్కులను చూసి విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది, ఏది నడుస్తోందో మనిషికీ తెలియదు. నీలి తెర వచ్చి ఆగిపోతే చాలాసార్లు కారణం బయాస్‌లో డిస్క్‌ను నడిపే ఐడీఈ, ఏహెచ్‌సీఐ అనే రెండు పద్ధతుల మధ్య మార్పు. మునుపు ఉన్న పద్ధతికే తిరిగి మారిస్తే లేస్తుంది. అంతా నడిచాక ఫోటోలు తెరిచి, పాటలు పెట్టి, పది రకాల ఫైళ్లను నిజంగా విప్పి చూడాలి. పేర్లు కనిపించినంత మాత్రాన ఫైళ్లు వచ్చినట్టు కాదు. ఎస్‌ఎస్‌డీకి డిఫ్రాగ్‌మెంటేషన్, అంటే ఫైళ్ల ముక్కలను ఒకచోటికి చేర్చే పని, అక్కర్లేదు, దానివల్ల అరుగుదలే తప్ప లాభం లేదు.

పాత డిస్క్‌ను నెల రెండు నెలలు ముట్టుకోకుండా, తేదీ రాసి బీరువాలో ఉంచాలి. మరచిపోయిన ఫోల్డర్ ఒకటి ఆ నెలల్లోనే గుర్తొస్తుంది. ఆ తరవాత అది బాగుంటే ఎక్స్‌టర్నల్ డబ్బాలో పెట్టి బ్యాకప్‌కు వాడుకోవచ్చు. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా దాచడానికి ఎస్‌ఎస్‌డీ తగదు, బంధించిన ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోతాయి, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. ఆ పనికి పాత రకం హార్డ్ డిస్కే నయం.

ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు, పాత సామాన్లవాడికి వేసేటప్పుడు మాత్రం డిలీట్ చేసి ఊరుకోకూడదు. డిలీట్ చేస్తే విషయసూచికలో పేరు పోతుంది, పుస్తకంలో పేజీలు అలాగే ఉంటాయి. క్విక్ ఫార్మాట్ కూడా అంతే. హార్డ్ డిస్క్ అయితే మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాసే ప్రోగ్రాంతో తుడవాలి. ఎస్‌ఎస్‌డీ అయితే తయారీ కంపెనీ ప్రోగ్రాంలో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. తుడిచాక ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, ఒక్క పార్టిషన్ కూడా కనిపించడం లేదని చూసుకున్నాకే దాన్ని గడప దాటించాలి.