పత్తికట్టెతో పలకలు



పలక యనగానే నావంటి బడిపంతులకు ఓనమాలు దిద్దించిన నల్లని రాతిపలకయే జ్ఞప్తికి వచ్చును. సంస్కృతమున ఫలకమను పదమే తెలుగున పలక యైనది. నేడు నేను చెప్పబోవునది అడ్డుగోడకును, బీరువాకును పనికివచ్చు పలకను గూర్చి. అది చెట్టును కొట్టి చేసినది కాదు. పత్తిచేలలో మనము తగులబెట్టుచున్న కట్టెతో చేసినది.

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు జిల్లాలలో పత్తి తీత ముగిసినపిమ్మట చేల గట్లపై లేచు పొగను చూడనివారుండరు. ఆ ఎండుకట్టెను పశువులు ముట్టవు. కొంత పొయ్యిలోనికి పోవుచుండెడిది. వంటగ్యాసు వచ్చినపిదప ఆ వాడుకయు తగ్గినది. చేనిలో నుంచుటయు మంచిది కాదు. మిగిలిన కాయలలో గులాబిరంగు పురుగు దాగియుండి మరుసటి పంటపై బడును. కావున దానిని తొలగించుట యెట్లును తప్పదు. పీకుటకు కూలి నిచ్చి, కాల్చుటకు మరల కూలి నిచ్చుచున్నామని వాపోయిన రైతులు నా పూర్వవిద్యార్థులలోనే యున్నారు.

వరిగడ్డి మాట వేరు. స్వీడను దేశమున 1930 దశాబ్దిలోనే గడ్డిని వేడిచేసి యదిమి, లోపల జిగురు లేకయే దళసరి పలకలు చేయుట కనుగొనిరి. అది మెచ్చదగిన పనియే. అయినను మనయింట గడ్డి పశువు నోటి కూడు. దానిని చెత్త యనుటకు నా మనస్సొప్పదు.

పత్తికట్టె స్వభావము దాదాపు కలప వంటిది. ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థవారు దీనితో పలకలు చేయు పద్ధతిని రూపొందించిరి. కట్టెను చిన్న తునకలుగా నరికి, ఆరబెట్టి, జిగురు పట్టించి, సమముగా పరచి, కాగిన రెండు ఇనుపరేకుల నడుమ గట్టిగా నదుముదురు. చల్లారినపిమ్మట అంచులు కోసి నునుపు చేసిన చాలును. వడ్రంగి దానిని కోయవచ్చును, మేకు దిగగొట్టవచ్చును.

ఇందు చిక్కంతయు జిగురులో నున్నది. యూరియా, ఫార్మాల్డిహైడు కలిపి చేయు జిగురు చౌక. కాని తడికి ఓర్వదు. అట్టి పలకను స్నానపుగదికి పెట్టిన ఉబ్బి పొరలు పొరలుగా విడిపోవును. అంతకన్న పెద్ద మాట మరియొకటి కలదు. ఫార్మాల్డిహైడు ఆవిరి కండ్లను మండించును. అది మనుష్యులకు కేన్సరు కలిగించునని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది. ఫినాలు చేర్చిన జిగురు తడికి తాళును, ఆవిరియు తక్కువ. వెల మాత్రము హెచ్చు. పలక కొనువారు మెరుగును చూచి మోసపోక, ఏ జిగురు వాడిరో, ఆవిరి ఎంత వెలువడునో పరీక్షించిరో లేదో అడుగవలెను. పసిపిల్లలు నిదురించు గదిలో పెట్టుకొను వస్తువునకు ఈ మాత్రము విచారణ ఎక్కువ కాదు.

ఇక రైతునకు లాభమెట్లన్న ప్రశ్న యున్నది. కట్టె దొరకునది ఏటికి కొన్ని మాసములే. కర్మాగారమునకు సరుకు సంవత్సరము పొడుగునను కావలెను. పైగా లారీనిండ నింపినను తూకము స్వల్పము. దూరము పెరిగినకొలది బాడుగయే వెలను మ్రింగివేయును. కట్టెను తునకలు చేయు యంత్రము ఊరి పొలిమేరకే వచ్చినయెడల అదే లారీలో ఎన్నో రెట్ల సరుకు పట్టును, రైతు చేతికి నాలుగు రూకలు మిగులును. నా లెక్కలో పలకల కర్మాగారముకన్న ముందుగా కొనవలసినది ఆ యంత్రమే. నాలుగూళ్ల రైతులు కలసిన అది వారికి అందని వస్తువు కాదు.