తప్పొప్పుల పట్టిక

పద్యములో ఒక అక్షరము జారిపోయినచో చదువరి దానిని తానే పట్టుకొనగలడు. గణము చెడును, యతి తప్పును, ప్రాస కుదరదు. పద్యమునకు ఛందస్సే కావలి. అంకెల పట్టికకు అట్టి కావలి లేదు. మూడు ఉండవలసినచోట ఎనిమిది పడినను పంక్తి ఎప్పటివలెనే నిండుగా కనిపించును. దశాంశ బిందువు ఒక స్థానము జరిగినను కంటికి తెలియదు; కాని ఆ పుస్తకము చూచి పైరుకు మందు కలుపు రైతు పదిరెట్లు మందు కలుపును. కావున సాంకేతిక గ్రంథములలోని తప్పులను గూర్చియు, వానిని దిద్దుటలో పాఠకునకు గల పాత్రను గూర్చియు శ్రోతలతో కొంత ముచ్చటింప తలచితిమి.

ఇట్టి తప్పు ఎంత దూరము పోగలదో నౌకాయాన చరిత్ర చెప్పును. పదునెనిమిదవ శతాబ్ది చివర అనేకమంది ఆంగ్ల, అమెరికను నావికులు జాన్ హామిల్టన్ మూర్ అనునతని గ్రంథమును వెంట ఉంచుకొని ఓడలు నడిపెడివారు. నడిసముద్రమున ఓడ ఏ అక్షాంశముపై నున్నదో తెలిసికొనుటకు ఆ దినపు సూర్యక్రాంతి విలువ కావలెను. ఆ విలువలు గల పట్టికలలో 1800 సంవత్సరమును లీపు సంవత్సరముగా లెక్కించిరి. నాలుగువందలచే నిశ్శేషముగా భాగింపబడని శతాబ్ది సంవత్సరము లీపు సంవత్సరము కాదు. తేడా ఒక్క దినమే! కాని మార్చి నెలలో, పగలు రాత్రి సమానమగు కాలమున, సూర్యక్రాంతి దినమునకు సుమారు 24 కళలు మారును. ఒక్కొక్క కళ ఒక్కొక్క నాటికల్ మైలునకు సమానము. అనగా నావికుడు తానున్న చోటికి ఇంచుమించు 24 మైళ్ల దూరమున ఉన్నాననుకొనును. రాతిగుట్టలున్న తీరమున ఇది ప్రాణాంతకము. ఈ తప్పు వలన ఓడలు నష్టమైనవనియు చెప్పుదురు.

ఆ గ్రంథమును చక్కదిద్దినవాడు నాథనియల్ బౌడిచ్. ఆయన అమెరికాలోని సేలం పట్టణవాసి. చిన్ననాడే బడి మాని, స్వయంకృషిచే గణితము నేర్చెను. ఓడ ప్రయాణములలో ఆ పట్టికల లెక్కలను తిరిగి కట్టి చూచి ఎనిమిదివేలకు పైగా తప్పులు దిద్దెను. 1802లో తన పేరనే ఒక నౌకాయాన గ్రంథము ప్రకటించెను. అమెరికా ప్రభుత్వము దానిని సవరించుచు నేటికిని ప్రచురించుచున్నది. మొదట ఆయనయు మూర్ గ్రంథమునకు ఒక పాఠకుడు మాత్రమే యని గమనింపవలెను.

పాఠకుని ఈ శక్తిని గుర్తించి, తప్పు చూపుమని తామై కోరిన గ్రంథకర్తలును కలరు. ఆస్ట్రియా సైన్యమున ఫిరంగిదళపు అధికారి, స్లొవీనియా దేశీయుడు యూరి వేగ 1794లో గొప్ప లాగరితముల గ్రంథమొకటి ప్రకటించి, కనుగొన్న ఒక్కొక్క తప్పునకు ఒక్కొక్క బంగారు డ్యూకాటు ఇచ్చెదనని చాటెను. ఫిరంగి గురి లెక్కలపై ఆధారపడునని ఎరిగినవాడు అంకెను తేలికగా తీసికొనడు గదా!

తన తప్పు తానే ఏల దిద్దుకొనరాదని అడుగవచ్చును. గ్రంథకర్త ప్రూఫులు చదువునప్పుడు తాను వ్రాయదలచినదే కంటికి కనిపించును. అచ్చులో నున్నది కనిపింపదు. ఆ పుస్తకము ప్రక్కన పెట్టుకొని పని చేయువానికి మాత్రము లెక్క కుదరనప్పుడు తప్పు తానే బయటపడును. ఎవరును ఉపయోగింపని అంకెలో తప్పు ఎంతకాలమైనను దాగియుండును. ఇంగ్లండు దేశీయుడు విలియం షాంక్స్ వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని, అనగా పై విలువను, 707 దశాంశ స్థానముల వరకు లెక్కించి 1873లో ప్రకటించెను. పారిస్ నగరపు విజ్ఞాన ప్రదర్శనశాలలో 1937లో ఆ అంకెలను గోడపై అలంకరించిరి. కాని 528వ స్థానము మొదలు అవి తప్పులని డి. ఎఫ్. ఫెర్గూసన్ అను గణితజ్ఞుడు 1940ల నడుమ తిరిగి లెక్కించి తేల్చెను. ప్రదర్శనశాల వారు 1949లో అంకెలను మార్చిరి. డెబ్బది సంవత్సరములు గౌరవము పొందిన అంకెలవి. పని చేయుటకు వానిని వాడినవారు లేకుండిరి.

అయితే పాఠకుడు చెప్పిన సవరణ కూడ పరీక్షకు నిలువవలెను. 1792లో వెలువడిన మైకేల్ టేలర్ లాగరితముల పట్టికలకు తప్పొప్పుల పట్టికను 1830 ప్రాంతమున బ్రిటిషు నౌకా పంచాంగమున ప్రకటించిరి. అందొక తప్పు దొరలెను. దానికి సవరణ వేసిరి, సవరణయు తప్పే. చివరకు సవరణకు సవరణ వేయవలసివచ్చెను!

ఈ విషయమున నేటి కాలపు ఆదర్శము అమెరికాలోని స్టాన్ఫర్డ్ విశ్వవిద్యాలయపు విశ్రాంత ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్. కంప్యూటరు క్రమణికా రచనను గూర్చి ఆయన వ్రాసిన బృహద్గ్రంథపు మొదటి సంపుటము 1968లో వెలువడినది. అచ్చుతప్పు కాని, శాస్త్రదోషము కాని, చరిత్ర దోషము కాని తొలుత చూపినవారికి 2 డాలర్ల 56 సెంట్లు బహుమానముగా పంపుట ఆయన పద్ధతి. 256 సెంట్లను, పదునారింటి లెక్కలో నూరు వ్రాసినట్లు వ్రాయుదురు. అందుకే ఆ మొత్తము. మంచి సూచనకు 32 సెంట్లు. ఆయన చెక్కును బ్యాంకులో మార్చుకొనక పటము కట్టించుకొన్నవారు పెక్కురు. బ్యాంకు మోసముల భయముచే 2008 నుండి చెక్కులకు మారుగా ఒక కల్పిత బ్యాంకు పేర ధ్రువపత్రములు పంపసాగెను. అయినను తప్పు చూపువారి ఉత్సాహము తగ్గలేదు. వారికి కావలసినది డబ్బు కాదు, తమ మాట విన్నారను తృప్తి.

మన ఇండ్లలోను వ్యవసాయమునకు, విద్యుత్తు పనికి, వైద్యమునకు, పిల్లల చదువునకు సంబంధించిన తెలుగు పుస్తకములు కలవు. తప్పు కనిపించినప్పుడు మనము చేయునదేమి? పెన్సిలుతో ప్రక్కన దిద్దుకొని ఊరకుందుము. పెద్దలు వ్రాసినదానికి వంక పెట్టుట మర్యాద కాదను జంకు కొందరికి. మన మాట ఎవరు వినవచ్చిరను నిరాశ కొందరికి. కాని ఆ పెన్సిలు గుర్తు ఒక్క ప్రతిని మాత్రమే బాగుచేయును. అదే తప్పు గల మిగిలిన ప్రతులు ఇతరుల చేతులలో పని చేయుచునే యుండును.

కావున ప్రకాశకులకు ఒక చిన్న లేఖ వ్రాయుడు. పుస్తకము పేరు, ఎన్నవ ముద్రణము, ఏ పుట, ఏ పంక్తి, అచ్చయినదేమి, ఉండవలసినదేమి, అది మీకు ఎట్లు తెలిసినది, ఈ సంగతులు చాలును. నిందావాక్యములు అక్కరలేదు. సందేహము మాత్రమే యున్నచో సందేహమనియే వ్రాయుడు. ప్రకాశకులును ఉత్తరము చేర్చవలసిన చిరునామాను పుస్తకమునందే అచ్చువేసి, సరియైన సవరణలను చీటిగా అంటించి, మరుముద్రణమున చేర్చి, చూపినవారి పేరు స్మరించుట ధర్మము. తప్పొప్పుల పట్టిక ఉన్నదని ఒక పుస్తకమును చులకనగా చూడకుడు. దానిని ఎవరో శ్రద్ధగా వాడిరనుటకును, వ్రాసినవారు వారి మాట వినిరనుటకును ఆ పట్టికయే సాక్ష్యము.