పాత కంప్యూటరు, తొమ్మిది క్యాసెట్లు, మా హంస డిజైను
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నూలు ధర, రిబేటు బాకీ, ఆడిటు, వీటి మీద మాట్లాడుడు మాకు అలవాటే. ఈసారి పెద్దలు "మీ సంఘంల పాత కంప్యూటరు బాగు చేసిండ్రట కదా, ఆ సంగతి చెప్పండి" అన్నరు. మా చదువు ఎనిమిదో తరగతి. కాబట్టి యంత్రం సంగతి మాకు ఎట్ల అర్థమైందో అట్లనే చెప్తం. తప్పు పట్టకుండ్రి.

ముందుగాల అది ఎవరిదో చెప్పాలె. 1980ల చివర మా సంఘానికి ఒక డిజైన్ మాస్టరు ఉండె. చద్దర్లకు, గోడకు వేసే బొమ్మలకు గ్రాఫు గీసేవాడు. 240 హుక్కుల జకార్డుకు 192 అట్టల డిజైను అంటే 46,080 గళ్ళు. ఒక్కొక్క గడి ఎర్ర పెన్సిలుతో నింపాలె. ఒక్క గడి తప్పితే హంస ముక్కు వంకర పోతది. ఆయన కొడుకు డిప్లొమా చదువుతుండె. ఆ పిల్లగాని కోసం మాస్టరు ఒక కంప్యూటరు కొన్నడు. ఇంగ్లండుల సింక్లెయిర్ కంపెనీ 1982ల తెచ్చిన స్పెక్ట్రమ్ అనేది ఉన్నది కదా, దాన్నే మన దేశంల పూణేలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు డీబీ స్పెక్ట్రమ్ అని అమ్మిండ్రు. చూస్తే ఒక పలక మీద మీటలు, అంతే. తెర దానికి లేదు, ఇంట్ల టీవీకి తగిలియ్యాలె. దాచుకునే జాగా లేదు, పాటల టేపురికార్డరుకు తగిలిచ్చి క్యాసెట్ల దాచాలె.

తండ్రీకొడుకులు దాంతోటి ఏం చేసిండ్రంటే, గ్రాఫు కాయితం బదులు టీవీ మీద గీసిండ్రు. దాని తెర అడ్డం 256 చుక్కలు, నిలువు 192 చుక్కలు. 240 హుక్కులు అందుల సరిగ్గ పడతయి, ఇంక 16 మిగులుతయి. ఒక్క చుక్క ఒక్క హుక్కు, ఒక్క వరుస ఒక్క అట్ట. చుక్క ఉంటే రంధ్రం, లేకుంటే లేదు. రంధ్రం ఉన్నకాడ సూది పోతది, హుక్కు లేస్తది, పడుగు పోగు పైకొస్తది. ఫ్రాన్సుల జకార్డు 1804 నాటికే ఈ ఉన్నది-లేదు లెక్కతోటి మగ్గం నడిపిండు. కంప్యూటరు కూడ ఆ లెక్కనే అని మాస్టరు మాకు అప్పుడే చెప్పిండు. మేము నవ్వినం. రాత్రిపూట పిల్లగాడు తెర చూసి రంధ్రాల నంబర్లు చదివేది, మాస్టరు అట్టలు కొట్టేది. అట్ల చాన డిజైన్లు మగ్గాల మీదికి వచ్చినయి.

మాస్టరు పోయిండు. కొడుకు ఉద్యోగం మీద దూరం పోయిండు. అట్టలు మా గోదాముల ఉండె. ఎలుకలు కొన్ని, వానకు కారిన రేకులు కొన్ని మింగినయి. గ్రాఫులు ఎన్నడో పోయినయి. సోలాపూర్‌ల ఇప్పుడు అంతా పవర్‌లూములే, చేతిమగ్గాలు వేళ్ళ మీద లెక్కబెట్టాలె, అది మీకు తెలుసు. అసొంటి సమయంల పోయినేడు ఒక ఖరీదుదారు వచ్చి మా కార్యాలయం అద్దాల బీరువల ఉన్న పాత హంస చద్దరు ముక్క చూసి, "ఇదే కావాలె, చేతిమగ్గం మీదనే కావాలె" అన్నడు. నాలుగు మగ్గాలకు ఏడాది పని. ఆ ముక్కను భూతద్దం పెట్టి పోగులు లెక్కబెడితే డిజైను రాదా అంటే, పైభాగం, నడుమ అరిగిపోయి జల్లెడ లెక్క అయింది. అంచు దిక్కు మాత్రం బాగున్నది.

అప్పుడు మాస్టరు ఇంటికి పోయినం. వదినె మంచం కింది నుంచి గుడ్డల మూట తీసింది. అందుల కంప్యూటరు, టేపురికార్డరు, తొమ్మిది క్యాసెట్లు. "పాత సామాన్లాయన మూడుసార్లు అడిగిండు, ఇయ్యలె" అన్నది.

కమిటీల వాదన అయింది. "జేబుల ఉన్న ఫోను దీనికంటె లక్ష రెట్లు పని చేస్తది, దీనికెందుకు పైసలు" అని ఒకాయన. నిజమే, ఫోను చేస్తది. కాని హంస ఫోన్ల లేదు, ఆ క్యాసెట్ల ఉన్నది. తీర్మానం అయింది. ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలె అని తర్వాత ఆడిటరు అడిగితే "మగ్గం మరమ్మతు" అని రాయించినం. అది అబద్ధం కాదని మా నమ్మకం.

పని చేసినవాళ్ళు ఇద్దరు. ఒకాయన పాత రేడియో, టీవీ మెకానిక్. ఇంకొకామె మా సభ్యుని మనుమరాలు, ఇంజనీరింగు చదువుతున్నది. ఆ బిడ్డ మొదలు చెప్పిన మాట, "తాతా, ఎవరూ కరెంటు పెట్టకుండ్రి". అప్పటికే మా గుమాస్తా ఇంకేదో డబ్బా అడాప్టరు చేతుల పట్టుకుని నిలబడ్డడు. దానికి 9 వోల్టులే, పిన్ను కూడ సరిగ్గ పడుతది. కాని ఇప్పటి అడాప్టర్లకు చానమట్టుకు పిన్ను నడుమ ప్లస్ ఉంటది, స్పెక్ట్రమ్‌కు నడుమ మైనస్. పెట్టి ఉంటే లోపల కాలిపోయేది. ఇది మీరు గుర్తు పెట్టుకోవాలె.

పాత అడాప్టరు విప్పి చూసి, లోపల ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, మీటరు పెట్టి కొలిచి, అప్పుడు తగిలిచ్చిండ్రు. టీవీ మీద నల్లవి తెల్లవి గీతలు, ఇంకేం లేదు. అందుల మెమరీ చిప్పులు రెండు జట్లు. మొదటి జట్టు ఎనిమిదింటికి మూడు రకాల కరెంటు కావాలెనట. ప్లస్ 5, ప్లస్ 12, మైనస్ 5. ఒక్క ప్లస్ 5 వచ్చింది, మిగతవి రాలె. ఒక చిన్న ట్రాన్సిస్టరు, దాని పక్కన ఒక తీగచుట్ట కలిసి ఆ కరెంటు తయారు చేస్తయి. ట్రాన్సిస్టరు పోయింది, చుట్ట కాలింది. ట్రాన్సిస్టరు దొరికింది. చుట్ట దొరకలె. మెకానిక్ తల గీక్కుంటుంటే, కండెలు చుట్టే మా అక్క ఒకామె ముందుకొచ్చింది. పాత తీగ విప్పుకుంట చుట్లు లెక్కబెట్టి, కొత్త తీగ అన్నే చుట్లు చుట్టిచ్చింది. చుట్టుడు మనకు ఒకరు నేర్పాల్నా?

మళ్ళ పెడితే కరెంటు మూడూ వచ్చినయి. చిప్పుల మీద వేలు పెట్టి చూస్తే ఒకటి సలసల కాలుతున్నది. దాన్ని తీసి వేరేది వేసిండ్రు. ఆ బిడ్డ ఇక్కడ ఒక మాట చెప్పింది, మాకు మస్తు నచ్చింది. రెండో జట్టు చిప్పులు అసలుకు 64కె చిప్పులట, సగం చెడిపోయినవి. సింక్లెయిర్ వాళ్ళు అవి అగ్గువకు కొని, బాగున్న సగం మాత్రం వాడుకున్నరట. సెకండ్స్ మాలు! దాంతోటే అంత అగ్గువకు అమ్మిండ్రు. మనం చెడిన చద్దరును కోసి తువ్వాల చేసినట్టు.

తర్వాత మీటల కింది పొర. పాతబడి పెళుసైంది, ముట్టుకుంటే పగిలింది. ఈ పొరలు కొత్తవి చేసి అమ్మేటోళ్ళు ఇప్పటికీ ఉన్నరు. ఇంగ్లండు నుంచి పోస్టుల తెప్పించినం. టీవీకి పోయే తీగ కూడ మార్చవలసి వచ్చింది, పాత పద్ధతి బొమ్మ కొత్త టీవీ పట్టలె. అన్నీ అయినంక ఒక సాయంత్రం తెర తెల్లగ అయి, కింద చిన్న అక్షరాలు వచ్చినయి, 1982 సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్ అని.

అందరు చప్పట్లు కొట్టిండ్రు. కాని కంప్యూటరు మాత్రం బాగైతే ఏమున్నది, అది ఖాళీ మగ్గం. అసలు పని క్యాసెట్ల కాడ మొదలైంది.

టేపురికార్డరు బెల్టు కరిగి తారు లెక్క అయింది. దాన్ని గీకి కొత్తది వేసిండ్రు. క్యాసెట్లకు బూజు. లోపల టేపును నొక్కిపట్టే చిన్న మెత్త ఊడిపోతే, భజన పాటల పాత క్యాసెట్టు నుంచి తీసి అతికిచ్చిండ్రు. ఒక్కొక్క క్యాసెట్టును ఆరబెట్టి, మెల్లగ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి తిప్పి, ఆ తర్వాతనే పాడించిండ్రు. పాడించిన మొదటిసారే ఆ చప్పుడును ల్యాప్‌టాపుల రికార్డు చేసిండ్రు. పాత టేపు రెండోసారికి రాలిపోవచ్చునట, అందుకు. టేపు తల పక్కన ఒక చిన్న మర ఉంటది. దాన్ని వెంట్రుకంత తిప్పితే చప్పుడు మొద్దుబారుతది లేదా పదునెక్కుతది. పదునుగ వినబడ్డకాడ ఆపాలె. పన్నె పళ్ళల్ల పోగు సరిచేసినట్టే ఉంటది ఆ పని.

ఆ రోజు వదినెను పిలిపించినం. క్యాసెట్టు పెట్టంగనె కీఁ అని ఒక కూత, తర్వాత గరగర చప్పుడు. టీవీ అంచున ఎర్ర గీతలు, తర్వాత నీలం పసుపు గీతలు. వదినె తెర దిక్కు చూడనే లేదు. "ఈ చప్పుడుకు రాత్రి మా ఇంట్ల ఎవ్వరికి నిద్ర ఉండకపోయేది" అన్నది. అంతే అన్నది, కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది.

బొమ్మ పై నుంచి కిందికి వరుసగ రాదు. ఒక వరుస వచ్చి, ఏడు వదిలి, మళ్ళ ఒకటి. తర్వాత నడిమివి నిండుతయి. పై మూడో వంతు, నడిమి మూడో వంతు, కింది మూడో వంతు, ఇట్ల. ఈ తీరు నేస్తె మాస్టరు కొట్టేవాడు. ఒక్క బొమ్మకు ముప్పావు నిమిషం. మొదలొచ్చింది తామర. తర్వాత నెమలి. తర్వాత మామిడి పిందెలు.

హంస నాలుగో క్యాసెట్ల ఉన్నది. పైభాగం వచ్చింది, నడుమ వచ్చింది, కింది మూడో వంతు మొదలుపెట్టంగనె టేపు లోడింగ్ ఎర్రర్ అని ఆగింది. నాలుగుసార్లు చేసినం. అక్కడ టేపే ముడతపడ్డది. 64 వరుసలు లేవు.

అందరం కూసున్నం. ఎవరో బీరువ దిక్కు చూసిండ్రు. చద్దరు ముక్కల పాడైంది పైన, నడుమ. బాగున్నది అంచు దిక్కు, అంటే కింది భాగం. టేపుల లేనిది గుడ్డల ఉన్నది! భూతద్దం పెట్టి పోగులు లెక్కబెట్టి 64 వరుసలు గ్రాఫు మీద ఎక్కించినం. రెండు కలిపితే హంస పూర్తయింది. 192 అట్టలు కొట్టినం. మా కుర్ర నేతగాడు ఒకడు నమూనా నేసిండు, ఖరీదుదారు ఒప్పుకున్నడు. నాలుగు మగ్గాలు నడుస్తున్నయి.

ఒక్క సంగతి మీ ముందు పెట్టాలె. కొన్నేండ్ల కింద మేము ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ కొన్నం. మంచి ధరే పెట్టినం. దానికొక తాళంచెవి డబ్బా, అది పెడితేనే తెరుచుకుంటది. అది చెడింది, అమ్మినవాళ్ళు ఆ రకం ఆపేసినమన్నరు. అందుల చేసిన డిజైన్లు మా కంప్యూటర్లనే ఉన్నయి, తెరుచుకోవు. ముప్పై ఏండ్లు దాటిన మాస్టరు క్యాసెట్టు తెరుచుకున్నది, ఎందుకంటే అందుల దాపరికం లేదు, చుక్క ఉన్నది లేదా లేదు. అందుకని ఇప్పుడు మా సంఘంల ఏ డిజైనైనా మామూలు బొమ్మగ దాస్తం, కాయితం మీద అచ్చు తీస్తం, అట్టల కట్ట వేరే జాగల పెడతం. మీ సంఘాల ఎట్ల చేస్తున్నరో ఇంటికి పోయి ఒకసారి తెరిచి చూడుండ్రి.

వదినెకు సంఘం తరఫున కొంత సొమ్ము ఇయ్యాలని తీర్మానించినం. ఆమె వద్దన్నది. "అట్టల కట్ట మీద ఆయన పేరు రాయండి" అన్నది. మన దగ్గర నేసినవాని పేరే ఎవరు రాయరు, గ్రాఫు గీసినవాని పేరు ఎక్కడిది. మొదటి అట్ట వెనుక రాయించినం, హంసకు, మిగత అన్నిటికి.

తొమ్మిదిట్ల ఆరు క్యాసెట్లు పూర్తిగ వచ్చినయి, హంసది సగం. రెండు ఇంక నోరు తెరవలె. వానకాలం తేమకు టేపు అతుక్కుంటది, ఆగుమన్నడు మెకానిక్. సిద్ధేశ్వరుని గడ్డా జాత్ర అయినంక మళ్ళ కూసుంటం. మీ ఇండ్లల్ల ఇసొంటి పాత డబ్బాలు, క్యాసెట్లు ఉంటే పట్టుకురండి, కరెంటు మాత్రం పెట్టకుండ్రి.