ఛాతీ స్కానింగు – ఇంటి ఆడపిల్లల జాగ్రత్త
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పైనాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు నడిపిన గుమాస్తాను. అయినా ఈ విషయం నేను చేసిన పొరపాటు వల్ల నేర్చుకున్నది గనుక మీ ముందుంచుతున్నాను.

2021 మే నెల. కరోనా రెండో విడత. మౌలాలిలో మా ఇంట్లో చిన్నకోడలికి జ్వరం వచ్చింది. అప్పుడామెకు ముప్పైయొకటి. ఆక్సిజన్ 98 చూపిస్తున్నది. డాక్టరుగారు స్కానింగు అక్కర్లేదన్నారు. నేను వినలేదు. "డబ్బు నేనిస్తాను, తీయించండి" అని పట్టుబట్టాను. అంతా బాగానే ఉందన్నారు. నాలుగు రోజులకు మళ్లీ, తొమ్మిదో రోజున ఇంకోసారి తీయించాను. మూడింటిలోనూ ఒకటే మాట.

ఆ రోజుల్లోనే ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు రణదీప్ గులేరియాగారు, తేలికపాటి జబ్బుకు సి.టి. వద్దని, ఒక్క సి.టి. 300–400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని చెప్పారు. రేడియాలజిస్టుల సంఘం అది పాత యంత్రాల లెక్క అనీ, ఇప్పుడు చాలా తక్కువనీ ఖండించింది. కోడలు పేపరు నా ముందు పెట్టి, "ఇందులో ఏది నిజం మామయ్యగారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు తెలుసుకోవడం మొదలుపెట్టాను.

రేడియేషన్‌ను మిల్లీసీవర్టులలో కొలుస్తారు. మామూలు ఛాతీ ఎక్స్‌రేకు 0.1 లేదా అంతకన్నా తక్కువ. మామూలు ఛాతీ సి.టి.కి సుమారు 5 నుండి 7. తక్కువ మోతాదు పద్ధతిలో తీస్తే సుమారు ఒకటిన్నర. భూమి నుండి, ఆకాశం నుండి ప్రతి మనిషికీ ఏడాదికి ప్రపంచ సగటున 2.4 అందుతూనే ఉంటుంది. మన మౌలాలి గుట్టవంటి నల్లరాతి కొండల్లోనూ కొద్దిపాటి యురేనియం, థోరియం ఉంటాయి. కనుక ఒక స్కానింగు గుండెలు బాదుకునేంతదీ కాదు, లెక్కలోకి రానిదీ కాదు.

మరి ఆడవారి సంగతి ప్రత్యేకంగా ఎందుకు? డాక్టరు చూడవలసింది ఊపిరితిత్తులను. కిరణాల గొట్టం చుట్టూ తిరుగుతుంది గనుక, ముందువైపునున్న రొమ్ములకు అవసరం లేకపోయినా మోతాదు తగులుతుంది. ఆ కణజాలం సున్నితమైనది, చిన్న వయసులో మరీను. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2007లో రొమ్ముకిచ్చే ప్రాధాన్యపు అంకెను 0.05 నుండి 0.12కు పెంచింది. ఒక్క స్కానింగు వల్ల ప్రమాదం చాలా స్వల్పమే. అది బయటపడాలన్నా ఏళ్లు పడుతుంది. అందుచేత డెబ్బై దాటిన మనకన్నా మన కోడళ్లు, మనుమరాళ్ల విషయంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి.

తగ్గించే మార్గాలున్నాయి. మొదటిది, అవసరం లేనిది తీయించకపోవడం. రెండోది, మనిషి ఒడ్డూ పొడుగూ బట్టి యంత్రాన్ని సర్దడం: సన్ననివారికి ఓల్టేజీ తగ్గించడం, కొన్ని యంత్రాల్లో గొట్టం ముందువైపుకు వచ్చినప్పుడు కరెంటు తగ్గేలా చేయడం, బల్ల మీద సరిగ్గా మధ్యన పడుకోబెట్టడం, కావలసినంత మేరే తీయడం. ఇవి టెక్నీషియను చేతిలో ఉంటాయి. "తక్కువ మోతాదులో కుదురుతుందా?" అని అడగడం మన చేతిలో ఉంది. గర్భం ఉందన్న అనుమానముంటే ముందే చెప్పాలి.

రొమ్ము మీద బిస్మత్ రేకు కప్పే పద్ధతి కూడా ఉంది. అది మోతాదు తగ్గిస్తుంది గాని బొమ్మను చెడగొట్టవచ్చు. అమెరికా వైద్య భౌతిక శాస్త్రజ్ఞుల సంఘం 2012లో, వీలున్నచోట వేరే పద్ధతులే వాడమని సలహా ఇచ్చింది. కనుక రేకు కోసం పోట్లాడవద్దు.

రెండోవైపు కూడా చెప్పాలి. 2023లో మా ఇంటావిడకు దగ్గులో నెత్తురు పడింది. డాక్టరు సి.టి. రాశారు. నా ఉపన్యాసాలు విని విని ఉన్నది గదా, "ఆ కిరణాలు నాకొద్దు" అని నెల రోజులు మొండికేసింది. చివరకు నేనే బతిమాలి తీసుకెళ్లాను. క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడి కోలుకుంది. అవసరమైన పరీక్షను మాన్పించే భయం, అవసరం లేని పరీక్షను చేయించే భయం, రెండూ ఒక తల్లి పిల్లలే. నేను రెండింటికీ లోబడ్డాను.

రేడియేషన్ పనివారు ఛాతీకి బ్యాడ్జీ పెట్టుకుంటారు. వారికందిన మోతాదు నమోదవుతుంది. రోగికి అటువంటి బ్యాడ్జీ లేదు. అందుకని ఇంట్లో ఒక రిజిస్టరు తెరిచాను. తేదీ, ఏ భాగం, ఎందుకు, ఎవరు రాశారు, రిపోర్టులో మోతాదు అంకె ఉంటే అది. పాత ఫిల్ములు, సీడీలు జాగ్రత్తగా దాచి డాక్టరుకు చూపిస్తే మళ్లీ తీయవలసిన అవసరం చాలాసార్లు తప్పుతుంది. దీనికి పావలా ఖర్చు లేదు. మనకు చేతనైన పనే.

మా రిజిస్టరు మొదటి పేజీలో కోడలి పేరున మూడు పద్దులున్నాయి. "ఎందుకు" అన్న గడిలో మూడుచోట్లా "మామగారి భయం" అని నా చేత్తోనే రాశాను. ఆమె చూసి నవ్వి ఊరుకుంది. ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది. మీ ఇళ్లలో ఆ గడి నింపేటప్పుడు డాక్టరు చెప్పిన కారణమే ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.