కోడిపిల్లకు పురుగు మేత: మేం నేర్చుకున్నది

(సమాఖ్య వార్షిక మహాసభలో వడ్డాది సభ్యుల తరఫున చేసిన ప్రసంగం)



మేం ఈ రోజు పురుగుల పెంపకం గురించి చెప్పడానికి నిలబడ్డాం. నవ్వండి, పరవాలేదు. మొదట్లో మేమూ నవ్వాం.

మా సంఘంలో పదకొండు మందిమి. అందరి పెరట్లోనూ నాటుకోళ్ళున్నాయి. కోడి పిల్లల్ని దించిన రెండు నెలల్లోపే సగానికి సగం పోయేవి. కొన్నిటిని గద్ద తన్నుకుపోయేది. మిగతావి రెక్కలు వేలాడేసి, ముడుచుకుని చచ్చిపోయేవి. దిష్టి తగిలిందనుకునేవాళ్ళం. ఇంతకీ మేం వేసిన మేత ఏటి? తవుడు, నూకలు. వాటితో కడుపు నిండుతాది గాని ఒళ్ళు పెరగదు. చిన్నపిల్లకు మాంసకృత్తులు ఎక్కువ కావాలి. ఆ సంగతి తల్లికోడికి తెలుసు. పెంట కెలికి పురుగు దొరికితే తను తినకుండా పిల్లల్ని పిలుస్తుంది. ఇప్పుడు పెరళ్ళకు సిమెంటు పోసేశాం, ఆ పురుగు దానికి ఎక్కడ దొరుకుతుంది?

అందుకని ముందు మన అమ్మమ్మలు చేసిన పనే చేశాం. పాత కుండలో ఎండు పేడ, గడ్డి, చిరిగిన గోనె ముక్కలు కుక్కి, నీళ్ళు చిలకరించి, సాయంత్రం పూట చెదలున్న చోట మూతి నేలకు ఆనేలా బోర్లించాలి. తెల్లారేసరికి చెదలు పట్టి ఉంటాయి. ఎండెక్కకముందే తెచ్చి పిల్లల ముందు దులిపితే చాలు. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఇంటి దూలాలకు, తలుపులకు దూరంగా పెట్టాలి. చెరకు ముచ్చెలకు చెదల మందు పట్టించిన పొలంలో ఎప్పుడూ పెట్టకూడదు. ఆ మందు చెదలతోపాటే పిల్ల కడుపులోకి పోతాది.

మాలో ఒక చెల్లి ఫోనులో చూసి, "బొద్దింకల్నే డబ్బాలో పెంచుదామా?" అంది. నిజమే, బయటి దేశాల్లో ఇళ్ళలో బల్లుల్ని, తొండల్లాంటి వాటిని ముద్దుగా సాకుతారు. వాటి మేతకు దూబియా అనే దక్షిణ అమెరికా బొద్దింకను పెంచుతారు. అది గుడ్లు బయట పెట్టకుండా పిల్లల్నే వదులుతుంది, నున్నటి డబ్బా గోడ ఎక్కలేదు. మన వంటింటి బొద్దింకలు అలాంటివి కావు. మరుగుదొడ్డి మురికి కాళ్ళకంటించుకుని అన్నం గిన్నె మీద నడుస్తాయి. పైగా కోళ్ళ కంట్లో చేరే ఒక పురుగును మోసేది కూడా ఒక రకం బొద్దింకే. ఆ ఆలోచన అక్కడే వదిలేశాం.

తర్వాత పట్టుకున్నది బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ పురుగు. ఈ ఈగ కుట్టదు, మన అన్నం కోసం ఇంట్లో దూరదు. కొద్ది రోజులు బతికి, గుడ్లు పెట్టి పోతుంది. అడుగున చిల్లులున్న టబ్బులో కూర తొక్కలు, మిగిలిన అన్నం, మగ్గిపోయిన అరటిపళ్ళు వేస్తాం. అంచున మడతల అట్టముక్క కడతాం. ఈగ దానంతటదే వచ్చి ఆ మడతల్లో వందల గుడ్లు పెడుతుంది. నాలుగు రోజులకు పిల్ల పురుగులు వస్తాయి. రెండు మూడు వారాల్లో ఎదుగుతాయి. బాగా ఎదిగినవి నల్లబడి తడిలోంచి పైకి పాకుతాయి. ఏటవాలుగా చెక్క పెడితే అవే పాకి గిన్నెలో పడతాయి. ఎండబెట్టిన పురుగులో నూటికి 40 పాళ్ళ దాకా మాంసకృత్తులుంటాయి. కొవ్వు కూడా ఎక్కువే. అంచేత ఒట్టి పురుగులే వేయకండి. నూకలు, ఆకుకూరతో కలిపి వేయండి. చేపల వ్యర్థం వేస్తే కంపు, నీరు నిలిస్తే కంపు. కొన్ని పురుగుల్ని ఈగలవడానికి వదిలేయాలి. అన్నీ కోళ్ళకు వేసేస్తే మళ్ళీ విత్తనం ఉండదు.

ఇక అప్పు సంగతి. కిందటేడు ఒకాయన బైకు మీద వచ్చాడు. సంఘం అప్పుతో పెట్టెలు కొనండి, పురుగులన్నీ మేమే కొంటాం అన్నాడు. మాలో నలుగురు సరే అన్నారు, ఏడుగురు వద్దన్నారు. ఆ రాత్రి సమావేశం గొడవతో ముగిసింది. తర్వాత ఆయన్ని మూడు ప్రశ్నలు అడిగాం. ధర కాగితం మీద రాసిస్తారా? మీరు కొనకపోతే ఇంకెవరు కొంటారు? అప్పు తీరేదాకా మీరుంటారా? మళ్ళీ రాలేదు. ఈము పక్షుల సంగతి గుర్తు తెచ్చుకోండి. 2012లో తమిళనాడులోని పెరుందురైలో ఈము కంపెనీ కూలిపోయి వేలమంది డబ్బు పోగొట్టుకున్నారు. మన రాష్ట్రంలో కూడా కొనేవాళ్ళు లేక రైతులు చితికిపోయారు. మాలో ఒకామె ఇప్పటికీ మంచి అవకాశం పోయిందనే అంటుంది. అనొచ్చు. కాని ఆ అప్పు పదకొండు మంది సంతకాలతో వచ్చేది. ఒకరు కట్టకపోతే పది మంది మెడకు చుట్టుకునేది.

మా తప్పు కూడా చెప్పాలి. పురుగు మేత వేస్తున్నాం కదా అని ఒక ఇంట్లో టీకా మానేశాం. కొక్కెర తెగులు వచ్చి వారం తిరక్కుండా కోళ్ళ గూడు ఖాళీ అయింది. మేత బలమిస్తుంది గాని తెగులును ఆపదు. మొదటి వారంలో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది వేయించాల్సిందే. ఆ టీకా సీసా తెరిస్తే కొన్ని గంటల్లోనే వాడేయాలి, అందులో వంద కోళ్ళకు పైగా సరిపోతుంది. పది కోళ్ళున్న ఇల్లు ఒక్కటీ దాన్ని కొనలేదు. ఊరంతా ఒక రోజు అనుకుంటే వృథా ఉండదు.

అందుకని సమాఖ్యను రెండు కోరుతున్నాం. ప్రతి గ్రామ సంఘంలోనూ పశువుల ఆసుపత్రి వారితో మాట్లాడి కోళ్ళ టీకా రోజు పెట్టించాలి. తిరిగి కొంటామనే పథకాలకు, రాతపూర్వకమైన ధర చూడకుండా అప్పు తీర్మానం చేయకూడదు. పురుగు టబ్బుకు మాత్రం అప్పు అక్కర్లేదు. పాత టబ్బు, వంటింటి తొక్కలు ఉంటే చాలు. చూడాలనుకునేవాళ్ళు వడ్డాది రండి, మా పెరట్లో చూపిస్తాం. మీ కోడిపిల్లల సంగతి కూడా మాకు చెప్పండి.

సెలవు.