అడగటమే మందు

 



గత సంవత్సరం షాబాన్ మాసంలో మేము ఈ మింబరు పైనుండే తిబ్బె నబవీ గురించి, అంటే దైవప్రవక్త (స) వారి వైద్య ఉపదేశాల గురించి ప్రసంగించాము. తేనె గురించి, కలోంజీ గురించి, ఖర్జూరం గురించి చెప్పాము. చెప్పినదేదీ అసత్యం కాదు. కాని చెప్పవలసినంత చెప్పలేదు. ఆ ప్రసంగం విన్న ఒక పెద్దాయన, చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టు వైపు నుండి మన మసీదుకు వచ్చేవారు, ఎన్నో ఏళ్లుగా వేసుకుంటున్న షుగరు మాత్రలను ఆ వారమే మానివేశారు. ప్రతి ఉదయం రెండు చెంచాల తేనెలో కలోంజీ పొడి కలుపుకొని సేవించసాగారు. కొన్ని నెలలకు కాలి బొటనవేలికి పుండు పడింది. షుగరు వల్ల కాలిలో స్పర్శ తగ్గి ఉన్నందున నొప్పి తెలియలేదు. నొప్పి లేనందున ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి చేర్చిన నాడు రక్తంలో చక్కెర 400 దాటి ఉంది. వేలు తీసివేయవలసి వచ్చింది.

మేము పరామర్శకు వెళ్లినప్పుడు ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆయన భార్య మాత్రం తలుపు చాటు నుండి, "మౌలానా సాబ్, మీ బయాన్ వినే మానేశారండీ" అన్నారు. ఆ తల్లికి ఆనాడు మేము జవాబు చెప్పలేకపోయాము. ఈనాటి ప్రసంగం ఆ జవాబే.

అబూ దావూద్ హదీసు గ్రంథంలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో ఒక వ్యక్తికి రాయి తగిలి తల పగిలింది. ఆ తరువాత ఆయనకు స్నానం విధి అయ్యే స్థితి ఏర్పడింది. తయమ్ముమ్‌తో సరిపెట్టుకోవటానికి తనకు అనుమతి ఉన్నదా అని తోటి ప్రయాణికులను అడిగారు. నీళ్లు దొరుకుతున్నాయి గనుక అనుమతి లేదని వారు తేల్చి చెప్పారు. ఆయన గాయపడిన తలపైనే నీళ్లు పోసుకొని స్నానం చేశారు, మరణించారు. ఈ వార్త విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. ఆ మనిషి చావుకు వారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. తెలియనితనానికి మందు అడగటమేనని బోధించారు.

సోదరులారా! ఆ ప్రయాణికులు చెడ్డవారు కారు. ధర్మాన్ని కాపాడుతున్నామనే అనుకున్నారు. మేము కూడా అలాగే అనుకున్నాము.

ఇక తేనె సంగతి. నహ్ల్ సూరా 69వ ఆయతులో తేనెటీగ కడుపు నుండి వెలువడే పానీయంలో ప్రజలకు స్వస్థత ఉన్నదని అల్లాహ్ తెలియజేశాడు. దీనిని విశ్వసించటం మన ఈమాన్‌లో భాగం. అయితే ఖుర్ఆన్ వ్యాఖ్యాత ఇబ్నె కసీర్ ఇక్కడ ఒక సూక్ష్మాన్ని ఎత్తి చూపారు. అరబీ వాక్యంలోని పద నిర్మాణాన్ని బట్టి అందులో ఒక స్వస్థత ఉన్నదని అర్థం వస్తుందే గాని, ప్రతి రోగానికీ అదే స్వస్థత అని రాదు. కలోంజీ హదీసు బుఖారీలో ఉంది, ప్రామాణికమైనది. మరణం తప్ప ప్రతి రోగానికీ అందులో స్వస్థత ఉన్నదని దాని భావం. అయినా ఇమాం ఖత్తాబీ వంటి పండితులు దానిని ఆ గింజ స్వభావానికి తగిన రోగాలకు వర్తించే మాటగా వివరించారు. వారు హదీసును తగ్గించలేదు, అర్థం చేసుకున్నారు. మేము ఆనాడు హదీసు వినిపించి, ఆ వివరణను వదిలివేశాము.

తేనెలోనూ చక్కెరే ఉన్నది. షుగరు రోగి దానిని మాత్రకు బదులుగా తీసుకోరాదు. ఏడాది నిండని పసికందుకు తేనె నాకించటం కూడా ప్రమాదమని వైద్యులు హెచ్చరిస్తున్నారు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు పెద్దల పేగులలో సాధారణంగా మొలకెత్తవు. పసివారి పేగులలో మాత్రం అవి మొలకెత్తి, నరాలను చచ్చుపరిచే విషాన్ని పుట్టించగలవు. మన ఇళ్లలో తహ్నీక్ పేరుతో తేనె నాకించే అమ్మమ్మలు, నానమ్మలు ఈ సంగతి గమనించాలి. దైవప్రవక్త (స) నవజాత శిశువుల అంగిట రాసినది నమిలి మెత్తపరచిన ఖర్జూరం.

దైవప్రవక్త (స) స్వయంగా వైద్యుని వద్దకు పంపిన సందర్భం కూడా ఉన్నది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బు పడినప్పుడు వారు పరామర్శించి, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమన్నారు, ఎందుకంటే ఆయన వైద్యం తెలిసిన మనిషి. వహీ అవతరించే ప్రవక్త (స) ఎదుట ఉండగానే రోగిని వైద్యుని వద్దకు పంపించారంటే, మనం వాట్సాప్‌లో వచ్చిన సందేశాన్ని నమ్మి డాక్టరు చీటీని చించివేయటం ఏ సున్నత్ అవుతుంది?

మన పేటకే వద్దాము. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉన్నది. ఐ.పి.ఎం. అంటే ఆటోవాలాలందరికీ తెలుసు. కుక్క కరిస్తే టీకా కోసం నగరం నలుమూలల నుండి జనం అక్కడికే వస్తారు. దాని పక్కనే నివసించే మనమే ఆలస్యం చేస్తే ఏమనాలి? మన వీధి పిల్లవాడిని కుక్క కరిచింది. ఇంట్లో వాళ్లు గాయానికి సున్నం, కారం పట్టించి, ఎవరో చెప్పిన పసరు కట్టారు. మూడవ రోజున పొరుగింటి కుర్రవాడు బలవంతం చేస్తే తప్ప టీకాకు తీసుకువెళ్లలేదు. అల్లాహ్ కరుణించాడు, పిల్లవాడు క్షేమం. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత ఆ రోగం నుండి బతికి బయటపడినవారు ప్రపంచం మొత్తంలో అత్యల్పం. లక్షణాలు కనిపించక ముందే టీకా పడితే దాదాపు అందరూ బతుకుతారు. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. ఇది నిజంగా ఇంటి వైద్యమే, పైసా ఖర్చు లేనిది. తరువాత ఆలస్యం చేయకుండా టీకాకు వెళ్లాలి. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ వేసే ప్రత్యేక సీరం కూడా అవసరమవుతుంది. అన్ని మోతాదులూ పూర్తి చేయాలి. రెండు సూదులు వేయించుకొని, కుక్క బతికే ఉన్నదని మనమే తీర్పు చెప్పుకొని మానివేయరాదు. కారం, సున్నం గాయాన్ని మరింత రేపుతాయే గాని ఆ క్రిమిని చంపలేవు.

ఇంతవరకు విన్నవారు మౌలానా ఇంగ్లీషు మందుల పక్షాన నిలిచారని అనుకోవచ్చు. కాదు. అశోక్‌నగర్ గల్లీలలోకి రండి. జిల్లాల నుండి గ్రూప్స్ పరీక్షల శిక్షణకు వచ్చిన పిల్లలు ఇరుకు హాస్టలు గదులలో ఉంటారు, పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుతారు. జ్వరం వస్తే వారికి మందుల షాపు కౌంటరే ఆసుపత్రి. జలుబుకు మూడు యాంటీబయాటిక్ మాత్రలు, తలనొప్పికి నొప్పి మాత్ర, తగ్గకపోతే ఇంకో రంగు మాత్ర. జలుబు వైరస్ వల్ల వచ్చేది. దానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా అనవసరంగా వాడిన కొద్దీ క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. రేపు నిజంగా న్యుమోనియా వచ్చిన రోజున ఆ మందు ఓడిపోతుంది. మన దేశంలో 2014 నుండి అనేక యాంటీబయాటిక్‌లు హెచ్-1 షెడ్యూలులో ఉన్నాయి. వాటిని అమ్మినప్పుడు దుకాణదారు డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాయాలి. అట్టపై ఎర్ర గీత ఉన్న మందును చీటీ లేకుండా కొనరాదు. మన జమాఅత్‌లో మందుల షాపులు నడిపే సోదరులున్నారు. వారి ముఖాలు చూస్తూనే ఈ మాట చెబుతున్నాము. చీటీ లేనివానికి లేదనటం వలన పోయే లాభానికి బదులు ఇచ్చేవాడు రజ్జాఖ్ అయిన అల్లాహ్.

వానాకాలంలో మరొక జాగ్రత్త అవసరం. ఒళ్లు నొప్పులతో కూడిన జ్వరం డెంగీ కావచ్చు. అప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్ సరిపోతుంది, అది కూడా మోతాదు మించితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బొప్పాయి ఆకు రసం తాగుతున్నాము గనుక రక్తపరీక్ష అక్కరలేదనుకోవటం ఇంకో పొరపాటు. డెంగీలో ప్రాణం నిలిపేది సమయానికి అందిన ద్రవాలు, వైద్యుని పర్యవేక్షణ.

సహజమైనదంతా నిరపాయం కాదని దైవప్రవక్త (స) ఉపదేశంలోనే ఉన్నది. హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) విరేచనానికి షుబ్రుమ్ అనే మొక్కను వాడుతున్నానని చెప్పినప్పుడు, అది మిక్కిలి తీవ్రమైనదని వారు హెచ్చరించారు. ఆమె తరువాత సనాను వాడారు. రెండూ మొక్కలే! కరోనా కాలంలో ఆ సనా పేరుతోనే ఎన్ని సందేశాలు తిరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. సనా అంటే మన సునాముఖి. అది విరేచనకారి. రోజుల తరబడి తాగితే ఒంట్లోని నీరు, పొటాషియం హరించుకుపోతాయి. 2021లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలాది జనం గుమిగూడారు. ప్రభుత్వం పరిశీలన జరిపించి కొన్నింటికి అనుమతి ఇచ్చినప్పుడు కూడా అది కరోనాను నయం చేస్తుందనే ఆధారం లేదనే చెప్పింది. జోషాందాలో వేసే అతిమధురం, మనవాళ్లు ములేఠీ అనేది, ఎక్కువ రోజులు తీసుకుంటే బీపీ పెరుగుతుంది. బీపీ మాత్ర వేసుకునేవారు అడిగి వాడాలి. లోహాలతో చేసిన కుష్తాల విషయంలోనైతే మరింత జాగ్రత్త వహించాలి. 2004లో అమెరికాలోని బోస్టన్ నగరంలో అమ్ముతున్న దక్షిణాసియా ఆయుర్వేద మందులు 70 పరీక్షించగా, 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. కీళ్లనొప్పులకు పేరు లేని పొట్లంలో ఇచ్చే పొడి రెండు రోజులలో అద్భుతం చేసిందంటే, అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చునని అనుమానించాలి.

యునానీని నిందించటం మా ఉద్దేశ్యం కాదు. మన నగరంలో చార్మినార్ పక్కన నిజామియా ప్రభుత్వ యునానీ ఆసుపత్రి ఉన్నది. ఎర్రగడ్డలో బొల్లి వంటి చర్మరోగాలకు పేరొందిన జాతీయ యునానీ పరిశోధనా సంస్థ ఉన్నది. అక్కడ చదువుకున్న హకీములు పేరు రాసుకొని, పరీక్ష చేసి, మందు రాసిస్తారు. మలేరియాకు వాడిన క్వినైన్ సింకోనా చెట్టు బెరడు నుండే వచ్చింది. ఆ మలేరియా క్రిమిని దోమలో రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే విరేచనాలైన పిల్లవాడికి ప్రాణదానం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి ద్రావణంతోనే కలరా రోగులను కాపాడారు. జబ్బుపడిన వారికి హజ్రత్ ఆయిషా (రజి) బార్లీ జావ, అంటే తల్బీనా తాగమని చెప్పేవారు. మన ఇళ్లలో రాగి జావ, జొన్న అంబలి ఆ కోవలోనివే. కోలుకునే రోగికి అంతకన్న మంచి ఆహారం ఏముంటుంది? తినండి, తినిపించండి. మాత్రతో పాటు తినండి.

వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి జవాబుదారీ అని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసు అబూ దావూద్‌లో, నసాయీలో ఉన్నది. ఇది నకిలీ వైద్యులకే అనుకున్నాము ఇన్నాళ్లు. సందేశాన్ని పదిమందికి పంపేవారికి, పొరుగింటి రోగికి తాము వాడిన మాత్ర ఇచ్చేవారికి, మింబరు ఎక్కి సగం చెప్పి దిగిపోయే మాలాంటి వారికి కూడా ఇది వర్తిస్తుందని ఇప్పుడు భయం వేస్తున్నది.

ఈ రోజు నమాజు తరువాత మన జమాఅత్‌కు చెందిన ఒక డాక్టరు సోదరుడు వుజూఖానా పక్కన గదిలో అసర్ వరకు కూర్చుంటారు. మీరు వాడుతున్న మాత్రలు, చూర్ణాలు, సీసాలు అన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. ఏది దేనితో పడదో చూసి చెబుతారు. ఏదైనా మానవలసి వస్తే ఎలా మానాలో కూడా వారే చెబుతారు. రానున్న రమజానులో ఉపవాసం పాటించదలచిన షుగరు రోగులు మాత్రల వేళలు, మోతాదులు ఇప్పుడే అడిగి రాయించుకోండి. స్త్రీల కోసం వచ్చే ఆదివారం వేరుగా ఏర్పాటు ఉన్నది.

ఆ పెద్దాయన ఈ రోజు కర్ర సాయంతో వచ్చి వెనుక వరుసలో కుర్చీపై కూర్చున్నారు. మేము ఆయనను అందరి ముందు క్షమాపణ కోరుతున్నాము. యా అల్లాహ్! ఆయనకు సంపూర్ణ స్వస్థత ప్రసాదించు. మేము తెలియక చెప్పిన దానికి మమ్మల్ని మన్నించు. ఆమీన్.